అరవై ఐదు శాతం కాలు

అయనూరు నుంచి శివమొగ్గ వైపు ట్యాంకరు వస్తోంది. ఎదురుగా ట్రాక్టరు. రెండూ ఢీకొన్నాయి. తప్పెవరిదన్నది తర్వాత పోలీసు కాగితాల్లో తేలే సంగతి. ఆసుపత్రిలో తేలింది మాత్రం ఒక్కటే: ట్యాంకరు తోలుతున్న మనిషి కుడికాలు దక్కదు. మోకాలి దాకా తీసేశారు.

కుడికాలు. బ్రేకు మీదా, యాక్సిలరేటరు మీదా ఉండే కాలు.

ఇది కర్ణాటకలో జరిగింది. ఆ డ్రైవరు పేరు సుప్రీంకోర్టు తీర్పు కాగితంలో ఉంది. మనకు ఆయన పేరుతో పని లేదు, ఆయన చేసే పని తెలిస్తే చాలు. నర్సీపట్నంలో ఏ వీధిలో అడిగినా ఆ పని చేసేవాళ్ళు కనిపిస్తారు. తాళ్ళపాలెం దగ్గర హైవే ఎక్కేవాళ్ళు, తుని వైపు పోయేవాళ్ళు, లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లికి సరుకు చేరవేసేవాళ్ళు, గుంతల భీమిలి–నర్సీపట్నం (బీఎన్) రోడ్డు మీద చోడవరం దాకా నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళు. మన్యానికీ మైదానానికీ మధ్యనున్న ఊరు కాబట్టి ఇక్కడ చాలా కుటుంబాలు చక్రాల మీదే బతుకుతాయి. అందుకే శివమొగ్గ దారిలో పోయిన ఆ కాలు సంగతి మనం వివరంగా తెలుసుకోవాలి.

కాలు పోయిన డ్రైవరు కార్మికుల నష్టపరిహార కమిషనరు దగ్గరికి వెళ్ళాడు. అందుకు ఆధారం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. పని చేస్తుండగా, పని వల్ల ప్రమాదం జరిగితే యజమాని పరిహారం కట్టాలంటుంది. కమిషనరు విచారించి, ఇతనిక ట్యాంకరు తోలలేడు, సంపాదించే శక్తి నూటికి నూరు శాతం పోయింది అని తేల్చాడు. పరిహారం 2,49,576 రూపాయలు.

ఈ అంకె ఎలా వచ్చిందో విప్పి చూడండి. శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేకుండా పోయినవాడికి చట్టం చెప్పే లెక్క ఇదీ: నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో హెచ్చవేయాలి. ముప్పై ఏళ్ళవాడికి ఆ అంకె 207.98. రెండు వేల జీతంలో 60 శాతం 1,200. దాన్ని 207.98తో హెచ్చవేస్తే పైసలతో సహా సరిగ్గా అక్కడికే వస్తుంది. ఆ రెండు వేలు కూడా ఆ రోజుల్లో చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ట జీతం. అంతకు మించి ఎంత సంపాదించినా లెక్క రెండు వేల దగ్గరే ఆగిపోయేది.

ఇన్సూరెన్సు కంపెనీ హైకోర్టుకెళ్ళింది. నూరు శాతం ఎక్కడ పోయింది, పోయింది ఒక కాలే కదా అని దాని వాదన. హైకోర్టు ఆ మాటకు తలూపింది. సంపాదన శక్తి 65 శాతమే పోయిందని చెప్పి, పరిహారాన్ని ఆ మేరకు కోసేసింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. 65 శాతం పోయిందంటే 35 శాతం మిగిలినట్టు. ఎక్కడ మిగిలింది? లోడు ట్యాంకరును మూడో వంతు డ్రైవరు తోలగలడా? ఘాట్ దిగేటప్పుడు మూడింట ఒక వంతు బ్రేకు వేస్తాడా?

ఈ ప్రశ్నకు జవాబు అప్పటికి ముప్పై ఏళ్ళ కిందటే ఒక వడ్రంగి కేసులో వచ్చేసింది. ఆ కథ మన పక్కనున్న ఒడిశాది. రోడ్డు మీద జరిగింది కాకపోయినా, రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న ప్రతి కూలీ కేసుకూ అదే పునాది.

1968 జూలై 6. ఒక సినిమా హాల్లో అలంకారపు చెక్కపని సాగుతోంది. పైన పని చేస్తున్న వడ్రంగి జారి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. నెలకు 120 రూపాయల మనిషి. ఆగస్టు 11న హాలు యజమానికి నోటీసు పంపాడు: నేను నీ దగ్గర పనివాణ్ణి, పరిహారం ఇవ్వు. పది రోజులకు, ఆగస్టు 21న జవాబొచ్చింది. అందులో రెండే ముక్కలు. నువ్వు నా పనివాడివి కావు, ఏదో అప్పుడప్పుడూ వచ్చే కాంట్రాక్టరువి. పడిపోవడం కేవలం నీ అజాగ్రత్త వల్లే.

ఈ రెండు ముక్కలకూ కాలం చెల్లలేదు. ఈ రోజుకీ లారీ ఆఫీసుల్లో, క్వారీల దగ్గర, రైసు మిల్లుల్లో ఇదే పాట.

ఆ వడ్రంగి మళ్ళీ స్వయంగా వెళ్ళి అడిగాడు, ప్రాధేయపడ్డాడు. ఫలితం లేక కమిషనరు దగ్గర దరఖాస్తు పెట్టాడు. 1969 మే 6న కమిషనరు ఇచ్చిన ఆదేశంలో సారాంశం ఇది: వడ్రంగం ఒక్క చేత్తో అయ్యే పని కాదు, కాబట్టి ఇతని సంపాదన శక్తి పూర్తిగా పోయింది. 9,800 రూపాయల పరిహారం, దాని మీద యాభై శాతం జరిమానా, వడ్డీ. యజమాని హైకోర్టుకెళ్ళి ఓడాడు. సుప్రీంకోర్టుకెళ్ళాడు. చట్టం షెడ్యూలులో చెయ్యి పోతే ఇంత శాతమని రాసి ఉంది, దాని ప్రకారమే ఇవ్వాలి గానీ నూరు శాతం ఎలా ఇస్తారని అక్కడ వాదన.

షెడ్యూలులో నిజంగానే అలాంటి పట్టిక ఉంది. బొటనవేలు పోతే 30 శాతం. ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50. మణికట్టు కింద చెయ్యి పోతే 60. ఒళ్ళంతా ముక్కలుగా విడదీసి ఒక్కోదానికి ధర కట్టిన జాబితా. 1975 డిసెంబరు 4న నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తరఫున జస్టిస్ పి.ఎన్. షింఘాల్ తీర్పు రాశారు. కమిషనరు చేసిందే సరైనదన్నారు. ఆ మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో ఆ పనిని బట్టి నష్టాన్ని కొలవాలి. ఇంకో సంగతి కూడా ఆ తీర్పులోనే తేల్చేశారు: పరిహారం బాకీ పుట్టేది కోర్టు తీర్పు చెప్పిన రోజున కాదు, దెబ్బ తగిలిన రోజునే. ఆ రోజు నుంచీ యజమాని బాకీదారే.

ఈ తీర్పు ఆధారంగానే 2008లో శివమొగ్గ ట్యాంకరు డ్రైవరు సుప్రీంకోర్టులో గెలిచాడు. మోకాలి దాకా కుడికాలు లేనివాడు ట్యాంకరు డ్రైవరుగా నూరు శాతం అశక్తుడే అన్నారు జస్టిస్ హెచ్.ఎస్. బేడీ. పైగా మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇతనికిక లైసెన్సు రావడమే కుదరదని గుర్తు చేశారు. కమిషనరు లెక్కగట్టిన 2,49,576 రూపాయలను మళ్ళీ నిలబెట్టారు.

2010లో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ మరో కేసులో ఇదే సూత్రాన్ని ఇంకా విడమర్చి చెప్పారు. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టులోని శాతం ఒళ్ళు ఎంత దెబ్బతిన్నదో చెబుతుంది. సంపాదన ఎంత దెబ్బతిన్నదో చెప్పదు. అది తేల్చాల్సింది న్యాయస్థానం. ఎడమ చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం చేసుకోగలడు, అదే చెయ్యి పోయిన డ్రైవరూ వడ్రంగీ చేసుకోలేరు. మెడికల్ బోర్డు ఇచ్చిన కాగితం మీద 50 శాతమని చూసి, సగమే వస్తుందని నిరాశపడే కుటుంబాలకు ఈ మాట అర్థమయ్యేలా ఎవరో ఒకరు చెప్పాలి.

ఇలాంటి ప్రమాదమే 2025 నవంబరుకు ముందు, 1923 చట్టం అమల్లో ఉండగా, మన దగ్గర జరిగిందనుకుందాం. పేర్లు వద్దు. లంబసింగి ఘాట్‌లో లోడుతో దిగుతున్న లారీ మలుపులో బోల్తా పడింది. డ్రైవరును నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తెచ్చారు, అక్కణ్ణుంచి విశాఖ కేజీహెచ్‌కి పంపారు. కాలు తీసేశారు. మూడు వారాల తర్వాత డ్రైవరు భార్య లారీ ఓనరు ఇంటికొచ్చింది.

"కూర్చోమ్మా. ఆసుపత్రికి నలభై వేలు నేనే కట్టాను, తెలుసు కదా. ఇంకేటి చెయ్యమంటావు?"

"కట్టారు బాబూ, మీ మేలు మరిచిపోం. మరి ఇకముందు మా బతుకేటి? ఇంట్లో సంపాదించేది ఆడొక్కడే గదా."

"ఆడు నా దగ్గర జీతగాడు కాదమ్మా. ట్రిప్పుకింతని తీసుకునేవోడు. పైగా మలుపులో జోరుగా తోలింది ఆడే. నా బండి కూడా పోయింది."

"ట్రిప్పుకింతైనా లోడెత్తమని ఫోను చేసింది మీరే కదండి బాబూ."

"సరే, పెద్దమనుషుల్ని కూర్చోబెడదాం. ఒక లక్ష ఇచ్చేస్తాను. కాగితం రాసుకుందాం."

ఆ గదిలో చట్టం తెలిసినవాళ్ళు ఒక్కరున్నా, ఓనరు మాటల్లో ఒక్కటీ నిలబడదు. ట్రిప్పు లెక్కన పని చేసినా డ్రైవరు ఉద్యోగే. డ్రైవరు, క్లీనరు, మెకానిక్, వాహనానికి సంబంధించి ఏ పనికి పెట్టుకున్నా షెడ్యూలులో ఉన్నారు. అప్పుడప్పుడూ వచ్చేవాడన్న సాకును 2000 నాటి సవరణ తీసేసింది. డ్రైవరు అజాగ్రత్తగా తోలాడన్నది ఈ చట్టం కింద జవాబే కాదు. తప్పెవరిదో అడగని చట్టం ఇది. తాగి ఉన్నాడన్న వాదన కూడా మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా చెల్లదు. ఆసుపత్రికి కట్టిన నలభై వేలు దయతో ఇచ్చినవి కావు. 2009 సవరణ ప్రకారం వైద్యఖర్చు యజమాని భరించాల్సిందే, దాన్ని పరిహారంలోంచి మినహాయించుకోవడం కుదరదు. ఇక పెద్దమనుషుల ముందు రాసుకునే లక్ష రూపాయల కాగితం. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నానని ఎంత పెద్ద సంతకం పెట్టినా పదిహేడో సెక్షను ప్రకారం ఆ ఒప్పందం చెల్లదు. పరిహారం మీద రాజీ కుదిరితే దాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయాలి.

ఎంత రావాలి? లెక్కలోకి వచ్చే గరిష్ట జీతం 2010లో 8 వేలు అయింది, 2020 జనవరి 3 నుంచి 15 వేలు. ముప్పై ఏళ్ళ డ్రైవరుకు నెలకు పదిహేను వేలో, అంతకు మించో జీతం ఉందని రుజువైతే 9,000 ఇంటూ 207.98, అంటే 18,71,820 రూపాయలు. ఆ గదిలో మాట్లాడుకున్నది లక్ష.

ఇంకో సంగతి, ఇది ఓనర్లు కూడా తెలుసుకోవాలి. ఆ డబ్బు చాలాసార్లు వాళ్ళ జేబులోంచి పోదు. లారీ ఇన్సూరెన్సులో జీతం తీసుకునే డ్రైవరుకు ఈ చట్టం కింద వచ్చే పరిహారం తప్పనిసరిగా కవరవుతుంది. మోటారు వాహనాల చట్టంలో అలా రాసి ఉంది. మరి ఓనరు ఎందుకు అడ్డం తిరుగుతాడు? చాలామందికి ఆ సంగతే తెలియదు. తెలిసిన కొందరికి కేసంటే భయం. కానీ ఆలస్యం చేస్తేనే వాళ్ళకు నష్టం. బాకీ పుట్టిన నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది, సరైన కారణం లేకపోతే యాభై శాతం దాకా జరిమానా. వడ్డీ ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది గానీ జరిమానా ఓనరే భరించాలని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. డ్రైవరు పక్షాన నిలబడి ఇన్సూరెన్సుకు తెలియజేసి, జీతం ఇంత ఇచ్చానని నిజం చెప్పిన ఓనరు తన సొమ్మూ కాపాడుకుంటాడు, డ్రైవరు కుటుంబాన్నీ కాపాడతాడు.

భార్య చేతిలో ఉండాల్సినవి పెద్ద పెద్ద పత్రాలేమీ కావు. ఎఫ్‌ఐఆర్ కాపీ, వే బిల్లు, ఫోన్‌పేలో జీతం పడిన వివరాలు, లైసెన్సు, బండి ఇన్సూరెన్సు జిరాక్సు, డిశ్చార్జి కాగితం. దెబ్బ తగిలిన కొత్తలో ఇవి తేలిగ్గా దొరుకుతాయి. ఏడాది గడిస్తే బండి అమ్ముడుపోతుంది, క్లీనరు కేరళ పోతాడు, కాగితాలు మాయమవుతాయి. 1923 చట్టం కింద దరఖాస్తుకు గడువు రెండేళ్ళు. ఇంకోటీ ఆలోచించుకోవాలి: ఎదుటి వాహనం తప్పుంటే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కి కూడా వెళ్ళొచ్చు, అక్కడ జీతానికి పరిమితి లేదు. కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. ఏది మేలో ఆ కుటుంబం పరిస్థితిని బట్టి లాయరు లెక్కగట్టి చెప్పాలి. తొందరపడి ఒకదాంట్లో దూకితే రెండో తలుపు మూసుకుపోతుంది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 1923 చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే ఆధారం. కొత్త కోడ్‌లో ఒక మేలు కచ్చితంగా ఉంది: ఇంటి నుంచి డ్యూటీకి పోతుండగా, డ్యూటీ నుంచి ఇంటికొస్తుండగా జరిగే ప్రమాదం కూడా, సమయం, చోటు, పరిస్థితులు పనితో ముడిపడి ఉన్నాయని తేలితే, పనికి సంబంధించినదే. దీనికి నాలుగు నెలల ముందు, 2025 జూలైలో, సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే చెప్పింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్ 22న తెల్లవారుజామున మూడింటి డ్యూటీకి మోటారు సైకిల్ మీద బయల్దేరాడు. ఫ్యాక్టరీ ఇంకా అయిదు కిలోమీటర్లుందనగా ప్రమాదంలో చనిపోయాడు. కమిషనరు 3,26,140 రూపాయలు ఇవ్వమన్నాడు, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్ళీ ఇప్పించింది. మధ్యలో ఇరవై రెండేళ్ళు. ఆ ఇంట్లో పసిపిల్లలు పెద్దవాళ్ళయ్యేంత కాలం.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. ఉద్యోగం సంగతేమిటి?

అదే ఘాట్. అదే మలుపు. లారీ బదులు నర్సీపట్నం డిపో బస్సు అనుకోండి. ఆర్టీసీ డ్రైవరు కాలు పోయింది. ఇతని కథ ఇక్కణ్ణుంచి పూర్తిగా వేరే దారి పడుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టం నలభై ఏడో సెక్షనులో ఒక గట్టి మాట రాశారు: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి పనికిరాకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. వేరే పోస్టు లేకపోతే దొరికేదాకానో, రిటైరయ్యేదాకానో అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. 2003లో, డ్యూటీలో దెబ్బ తగిలి కాలు పోయిన ఒక కానిస్టేబుల్‌ను ఇంటికి పంపేస్తే, ఆ సెక్షను ఆధారంగానే సుప్రీంకోర్టు అతని ఉద్యోగాన్ని నిలబెట్టింది. 2016 చట్టం ఇరవయ్యో సెక్షనులో అదే హక్కును కొనసాగించారు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులే, కాబట్టి ఈ రక్షణ విషయంలో ఇక్కడ సందేహానికి తావులేదు.

అయినా కాగితం మీద హక్కుంటే సరిపోదు. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకాయన 2014లో చేరాడు. రంగులు గుర్తించలేడని వైద్యపరీక్షలో తేలి 2016 జనవరిలో ఇంటికి పంపారు. ప్రమాదం కేసు కాదది, కానీ అడిగింది అదే: బస్సు తోలలేనంటున్నారు, సరే, డిపోలో శ్రామిక్ పోస్టు ఇవ్వండి. సింగిల్ జడ్జి ఇవ్వమన్నారు, డివిజన్ బెంచి కాదంది. 2025 ఆగస్టు 1న జస్టిస్ జె.కె. మహేశ్వరి, జస్టిస్ అరవింద్ కుమార్ ధర్మాసనం ఎనిమిది వారాల్లో తగిన పోస్టు ఇవ్వాలని, బకాయిల్లో నాలుగో వంతు చెల్లించాలని ఆదేశించింది. కార్మిక సంఘాలతో 1979లో కుదిరిన ఒప్పందం ఆ గెలుపులో కీలకమైంది. సంఘం చేసిన సంతకం నలభై ఆరేళ్ళ తర్వాత ఒక కుటుంబానికి అన్నం పెట్టింది.

లారీ డ్రైవరుకు అలాంటి సంతకం లేదు. అలాంటి సెక్షనూ లేదు. ఈఎస్‌ఐ ఉన్న ఫ్యాక్టరీల్లో, మిల్లుల్లో చికిత్స సాగినంత కాలం తీసేయకూడదన్న రక్షణ ఉంది, గాయపు భత్యం కూడా వస్తుంది. ఒకటి రెండు లారీల ఓనరు దగ్గర పని చేసేవాడికి అదీ లేదు. వికలాంగుల చట్టం ఇరవయ్యో సెక్షనులో ప్రభుత్వ సంస్థ అని రాసి ఉంది, ప్రైవేటు యజమాని ఆ మాటలోకి రాడు. అందుకే ఒకే మలుపులో ఒకే కాలు పోయిన ఇద్దరిలో ఒకడు డిపోలో కూర్చుని నెలనెలా జీతం తెచ్చుకుంటాడు, ఇంకొకడు వచ్చిన మొత్తంతో అప్పులు తీర్చి, మిగిలినదానితో కిళ్ళీ బడ్డీ పెట్టుకుంటాడు.

ఇది న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఒకే ఒక్క బండి ఉన్నవాణ్ణి అడగలేం, అతనూ డ్రైవరు లాంటివాడే. కానీ పాతిక టిప్పర్లున్న క్వారీ కంపెనీ, చక్కెర మిల్లు, సిమెంటు గోడౌను, ఈ-కామర్స్ సరుకు రవాణా సంస్థ, వీటన్నిటిలో కూర్చుని చేసే పనులు బోలెడున్నాయి. వేబ్రిడ్జి దగ్గర తూకం రాసే పని, లోడు చీటీల పని, డీజిల్ లెక్కలు, జీపీఎస్‌లో బళ్ళ కదలికలు చూసే పని. ఇరవై ఏళ్ళు రోడ్డు మీద బతికినవాడికి ఏ ఘాట్‌లో ఏ బండికి ఎంత టైము పడుతుందో తెర చూడకుండానే తెలుసు. ఫలానా సంఖ్యకు మించి బళ్ళున్న ప్రైవేటు సంస్థ, డ్యూటీలో దెబ్బతిన్న తన డ్రైవరుకు అలాంటి కుర్చీ ఒకటి అదే జీతంతో ఇచ్చి తీరాలని ఇరవయ్యో సెక్షనులో చేర్చాలి. కార్మిక సంఘాలు అడగాల్సిందీ, మన ఎంపీల చేత అడిగించాల్సిందీ ఇదే.